రేకులు విప్పిన కారు

రెండువేల మూడవ సంవత్సరం, జూన్ నెల పదిహేడవ తేదీ, మంగళవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. ఆకాశం ఇంకా బూడిదరంగు దుప్పటి తీయలేదు. షెడ్డు చూరునుండి జారే చుక్కలు కింద పెట్టిన పాత నూనెడబ్బాలో టప్పు టప్పుమని పడుతున్నాయి. ఆ వేళకు కాన్పుల నర్సమ్మ తన చిన్నకారును తెచ్చి గీత మేస్త్రి షెడ్డు ముందు ఆపింది. ఆపింది అనడంకంటె, కారే కీచుమని ఒక కేక పెట్టి ఆగింది అనడం న్యాయం.

గీత మేస్త్రికి అప్పటికి అరవైరెండేళ్ళు. నలభై ఏళ్ళుగా ఆయన చేసిన పని బ్రేకుల పని ఒక్కటే. ఇంజను జోలికి పోడు, రంగుల జోలికి పోడు. "పరుగెత్తించేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఆపేవాడు ఒక్కడైనా ఉండొద్దూ?" అనేవాడు. షెడ్డు వెనుక ఖాళీస్థలంలో జానెడు లోతున సిమెంటుతో కట్టిన నీళ్ళకాలువ ఒకటి ఉండేది. దానికి కొంత దూరాన నేలలో పాతిన ఎర్రరాయి, ఆ తరువాత సున్నంతో గీసిన తెల్లగీత ఉండేవి. బాగుచేసిన ప్రతి బండినీ ఆయన స్వయంగా ఆ కాలువలోనుండి నడిపించి, ఎర్రరాయి దగ్గర బ్రేకు తొక్కి, తెల్లగీత దాటకుండా ఆగుతుందో లేదో చూసేవాడు. గీత దాటిన బండి షెడ్డు గడప దాటేది కాదు. ఆ పరీక్షలో చక్రం ముందు మరొకరిని కూర్చోనిచ్చేవాడు కాదు. ఆయన అసలు పేరు ఊరు మరచిపోయి "గీత మేస్త్రి" అని పిలవడానికి ఆ గీతే కారణం.

నర్సమ్మ ఆయనకు రక్తబంధువు కాదు. ఆమె భర్త ఆయన ప్రాణస్నేహితుడు. ఆ స్నేహితులిద్దరూ కలిసి వెళ్ళి కొని తెచ్చిన కారే అది. అప్పటికి దాని వయస్సు ముప్పైరెండేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయినా ఆమె దానిని విడిచిపెట్టలేదు. ఊరి చుట్టూ ఉన్న ఇళ్ళకు, ఏ వేళ కబురు వచ్చినా, దానిలోనే వెళ్ళి పురుళ్ళు పోసేది.

"అన్నయ్యా, ముందు దీని నోరు మూయించు" అన్నది కారు దిగుతూనే. "నిన్న ఒకరింటికి వెళ్ళాను. లోపల ఆ పిల్ల నొప్పులు పడుతోంది. నేను వాకిట్లో ఆగేసరికి ఇది పెట్టిన కేకకి, ఆ పిల్ల నొప్పులు మరిచిపోయి 'ఎవరమ్మా అది, నాకంటే ముందే కనేసింది?' అని అడిగింది."

మేస్త్రి నవ్వలేదు. ఆయనకు నవ్వు కాస్త ఆలస్యంగా వస్తుంది. ముందు చక్రాలు రెండూ విప్పించి, దీపం పట్టుకొని వంగి చూశాడు. చక్రం లోపలివైపున బ్రేకు డిస్కు ఉంటుంది. ఆ డిస్కు వెనుక పళ్ళెం ఆకారంలో ఒక పలుచని ఇనుపరేకు ఉంటుంది. రోడ్డుమీది నీళ్ళు, బురద, గులకరాళ్ళు డిస్కుమీద పడకుండా కాచేది ఆ రేకే. ముప్పైరెండేళ్ళ వానలు తాగి ఆ రేకులు తుప్పుపట్టి, అంచులు అప్పడంలా వంకర తిరిగి, తిరిగే డిస్కును గీకుతున్నాయి. ఆ గీకుడే ఆ కేక.

పక్కనే పానా పట్టుకొని నిలబడ్డవాడు మేస్త్రి తమ్ముడు. అన్నకంటె పదిహేనేళ్ళు చిన్నవాడు; చేతివేగం, నోటివేగం సమానంగా ఉన్నవాడు.

"పీకి పారేస్తే పోలా అన్నయ్యా? ఇలాంటి కార్లున్నవాళ్ళు సగంమంది ఎప్పుడో పీకేశారు. ఇవి లేకపోతే డిస్కుకి గాలి తగుల్తుంది, వేడెక్కదు. రాయి ఇరుక్కునే బాధ లేదు. ఉండి ఏం చేస్తున్నాయి? తుప్పు దాచుకుంటున్నాయి."

"తయారుచేసినవాడు ఊరికే పెట్టడురా."

"వాడు పెట్టినప్పుడు కొత్తవి. ఇప్పుడు డిస్కుని కాపాడాల్సింది పోయి డిస్కునే కొరుకుతున్నాయి. కంచె చేను మేస్తుంటే కంచెకి దండం పెడతావా?"

"కంచె పాడైతే కొత్త కంచె వెయ్యాలి. చేను వదిలేస్తామా?" అని మేస్త్రి నర్సమ్మవైపు తిరిగాడు. "కొత్తవి ఎక్కడా దొరకవమ్మా. రేకు తెచ్చి, కత్తిరించి, వంచి, చక్రం బిగించే హబ్బు ఊడదీసి బిగించాలి. రెండు రోజులు బండి ఇక్కడ ఉంచు."

"రెండు రోజులా! ఈ వారంలో ముగ్గురున్నారన్నయ్యా, అందులో ఒకమ్మకి కవలలు. నీ రేకులు వచ్చిందాకా ఆగమని లోపలున్నవాళ్ళకి నేనెలా చెప్పను?" అన్నది ఆమె. "పాతవి తీసేస్తే ఎంతసేపు?"

"అరగంట" అన్నాడు తమ్ముడు, అడగనిదే.

"ఉంచమన్నా సరే, తీసెయ్యమన్నా సరే. నాకేం తెలుసు? నువ్వేదంటే అదే" అన్నది నర్సమ్మ మేస్త్రితో.

మేస్త్రి చాలాసేపు ఆ రేకులవైపే చూశాడు. ఉంచితే తుప్పు అంచు విరిగి, డిస్కును రెండువైపులా నొక్కి ఆపే ప్యాడ్ల మధ్య పడవచ్చు. అది నిజమైన ప్రమాదం. తీస్తే నీళ్ళు నేరుగా డిస్కు మీదికి వస్తాయి. అది ఎంత ప్రమాదమో నీళ్ళకాలువ చెబుతుంది. కీడెంచి మేలెంచే మనిషి గనుక, పరీక్షకే వదిలిపెట్టాడు. తమ్ముడు రేకు కత్తెరతో రెంటినీ ముక్కలుగా కోసి తీసివేశాడు. మేస్త్రి కారెక్కి కాలువలో నడిపించి, ఎర్రరాయి దగ్గర తొక్కి, గీతకు రెండడుగుల ఇవతలే ఆపాడు. మరొకసారి నడిపాడు. మూడవసారి నడిపాడు. మూడుసార్లూ గీత తాకలేదు.

"ఫరవాలేదమ్మా, వెళ్ళు. వచ్చే వారం తీరిక చూసుకొని తీసుకురా, కొత్తవి కట్టిస్తాను."

వారం గడిచిన తరువాత ఆమె ఫోను చేసింది. "కారు పిల్లిలా నడుస్తోందన్నయ్యా. ఇప్పుడు నేను వచ్చినట్టు కూడా ఎవరికీ తెలియట్లేదు. ఆ రేకులు తొందరా?"

మేస్త్రికి మూడుసార్లూ తాకని తెల్లగీత కళ్ళముందు మెదిలింది. "తొందరేం లేదులే" అన్నాడు.

జూలై పదవ తేదీ గురువారం, మధ్యాహ్నం రెండు గంటలకు, కుండపోతగా వాన పడుతున్నది. నర్సమ్మ ఒక కాన్పు ముగించుకొని తిరిగి వస్తున్నది, తల్లీబిడ్డా క్షేమం. దారిలో వాగుమీద వంతెన లేదు. నీళ్ళు రోడ్డుమీదుగానే పారుతాయి. అవతలి గట్టు ఎక్కగానే మలుపు, మలుపు పక్కన రాతిగోడ. వందలసార్లు దాటిన వాగే. నెమ్మదిగా దాటి, గట్టెక్కి, మలుపు తిరిగింది. ఎదురుగా కంకర లారీ ఒకటి అడ్డంగా వెనక్కి వస్తున్నది. ఆమె బ్రేకు తొక్కింది. బ్రేకు పట్టలేదు. మరింత బలంగా తొక్కింది. తడి ఆరిన మరుక్షణం ఒక్కసారిగా పట్టింది. కారు పక్కకు కోసుకొని రాతిగోడకు కొట్టుకున్నది. ఆమె వైపు తలుపు లోపలికి నొక్కుకుపోయి కుడిచేతి మణికట్టును నలిపివేసింది.

ప్రాణం దక్కింది. ఎముకలు అతుక్కుంటాయని డాక్టరు చెప్పాడు. బొటనవేలికి, చూపుడువేలికి స్పర్శ మాత్రం తిరిగి రాదని కూడా చెప్పాడు. కడుపులోని బిడ్డ తల ఎటు తిరిగి ఉన్నదో కంటికి కనబడకపోయినా వేలికొనతో తెలుసుకొనే పని ఆమెది. ముప్పై ఏళ్ళ విద్య ఆ రెండు వేళ్ళలోనే ఉన్నది.

రెండు రోజుల తరువాత, ఎండ కాసిన పూట, మోటారు బండ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి, మేస్త్రి షెడ్డుకు ఈడ్చుకొని తెచ్చిన కారును పరీక్షించాడు. తలుపు తప్ప తక్కినదంతా పనిచేస్తున్నది. పొడినేలమీద నడిపి, ఆపి, కాగితంమీద ఇట్లా వ్రాశాడు: "బ్రేకులు సక్రమము. చోదకురాలు ఆలస్యముగా తొక్కినట్లు తోచుచున్నది."

ఆ వాక్యం చదివి మేస్త్రి తేలికగా ఊపిరి పీల్చుకున్నాడు. తరువాతి కాలంలో ఆయనను అన్నిటికంటె ఎక్కువగా వేధించినది ఆ ఊపిరే.

ఆ కాగితం నర్సమ్మ పనిచేసే ఆసుపత్రికి కూడా చేరింది. చేయి పోయినా, కొత్తగా చేరిన నర్సులకు పని నేర్పే బాధ్యత ఆమెకు ఇవ్వాలని అక్కడి పెద్ద డాక్టరమ్మ తలచింది. కాగితం చూసిన తరువాత పైవాళ్ళు, ఆపదలో కాలూ చేయీ ఆడని మనిషి ఇతరులకేమి నేర్పుతుందని సందేహం తెలిపారు. ముప్పై ఏళ్ళపాటు ఎవరింట ఏమి జరిగినా "ఆవిడకి కంగారన్నది తెలీదు" అనిపించుకున్న మనిషి ఆమె. మేస్త్రి చూడబోయినప్పుడు, కట్టు కట్టిన చేతిని ఒడిలో పెట్టుకొని ఒకటే మాట అన్నది: "నా కాలే నన్ను మోసం చేసిందన్నయ్యా. తొక్కాననుకున్నాను. తొక్కలేదేమో." ఆయన తెచ్చిన పండ్లు బల్లమీద పెట్టి వచ్చేశాడు.

ఆ మాట ముల్లై లోపల విరిగింది. జూలై పంతొమ్మిదవ తేదీ శనివారం ఉదయం ఆయన నీళ్ళకాలువ నింపించి, నొక్కుకుపోయిన తలుపును తాడుతో కట్టి, కారెక్కాడు. తమ్ముడు టీ గ్లాసు చేతబట్టుకొని కాలువకు వెనుకవైపున నిలబడ్డాడు. మేస్త్రి నడిపాడు, ఎర్రరాయి దగ్గర తొక్కాడు, గీతకు రెండడుగుల ఇవతలే కారు ఆగింది.

"చూశావుగా" అన్నాడు దిగి, ఆ మాటలో సంతోషం లేకుండా.

తమ్ముడు టీ తాగడం మరచిపోయి ఉన్నాడు. "ఇంకోసారి నడుపన్నయ్యా."

మరొకసారి నడిపాడు. మరల అక్కడే ఆగింది.

"నువ్వు బ్రేకు ఎక్కడ తొక్కావు?"

"రాయి దగ్గర. నలభై ఏళ్ళుగా ఎక్కడ తొక్కుతున్నానో అక్కడే."

"కాదన్నయ్యా. బండి నీళ్ళలోంచి బైటికొచ్చీ రాగానే వెనక ఎర్రదీపం వెలిగింది. రాయి దాకా అలా వెలుగుతూనే ఉంది. నువ్వు ముందునుంచే తొక్కుతున్నావు."

"నీ కళ్ళకి మసకలొచ్చాయా?"

"మసకలా! నువ్వే వచ్చి ఇక్కడ నిలబడు. నేను నడుపుతా."

నలభై ఏళ్ళలో మొదటిసారిగా మేస్త్రి కారు బయట నిలబడి తన గీతను చూశాడు. తమ్ముడు నడిపాడు. కాలువ దాటినప్పుడు దీపం వెలగలేదు. సరిగా ఎర్రరాయి దగ్గర వెలిగింది. కారు గీత దాటింది. దాటి, ఇంకా రెండు బారలు ముందుకు పోయి ఆగింది. మరొకసారి నడపమని మేస్త్రి వేలు పైకెత్తి చూపాడు. తమ్ముడు మూడుసార్లు నడిపాడు. మూడుసార్లూ గీత దాటింది.

అప్పుడు మేస్త్రి తిరిగి కారెక్కి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, తన కుడికాలినే చూసుకుంటూ నెమ్మదిగా నడిపాడు. చక్రాలు నీళ్ళనుండి వెలుపలికి రాగానే ఆ కాలు, ఆయన చెప్పకుండానే, బ్రేకుమీదికి వెళ్ళి పసిపిల్లను జోకొట్టినట్టు తేలికగా ఆనింది. ప్యాడ్లు డిస్కును రాసి తడి ఆర్చివేస్తున్నాయి. రాయి దగ్గరికి వచ్చేసరికి బ్రేకు పొడిగా ఉన్నది. ఎప్పుడో పడుచుతనంలో ఎవరో పెద్దమేస్త్రి దగ్గర నేర్చి, నేర్చినట్టు కూడా మరచిపోయిన అలవాటు. పరీక్ష పెట్టినది బండికి, ఉత్తీర్ణమైనది మేస్త్రి కాలు. రేకులున్న బండ్లలో ఆ తేడా బయటపడేది కాదు. వాటి డిస్కులు అంతగా తడిసేవి కావు. రేకులు విప్పిన బండి ఆయన చేతిలో మొదటిది ఇదే.

ఆ పగలూ, మరునాడు ఆదివారమూ ఆయన రేకు కత్తిరించాడు. సుత్తితో అంచు వంచాడు. హబ్బులు ఊడదీసి, కొత్తరేకులు బిగించాడు. భార్య అన్నం తినమని మూడుసార్లు కేకవేసి, నాలుగవసారి "ఆ రేకులే వడ్డిస్తాను, తినండి" అని విసుక్కున్నది. సోమవారం ఉదయం తమ్ముడే నడిపాడు. దీపం సరిగా రాయి దగ్గర వెలిగింది. కారు గీతను ముద్దుపెట్టుకున్నట్టు తాకి ఆగింది.

తమ్ముడు దిగి, చేతులు తుడుచుకొని, మెల్లగా అన్నాడు: "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ అన్నయ్యా. ఇన్‌స్పెక్టరే రాసిచ్చాడు. పోయిన చెయ్యి ఎలాగూ రాదు. నువ్వు చెప్తే షెడ్డు మూయిస్తారు. నాకు ముగ్గురు పిల్లలున్నారు."

"ఆవిడ తన కాలు మోసం చేసిందనుకుంటోందిరా."

"అసలు పీకమంది నేను కదా. నా మీదకి తొయ్యి."

"అన్నది నువ్వు. సరేనన్నది నేను. ఆవిడ నిన్ను అడగలేదు, నన్ను అడిగింది."

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళాడు. మేడమీద ఒంటిగది. కిటికీ దగ్గర తాడుమీద కడిగిన రబ్బరు చేతితొడుగులు అయిదారు జతలు ఆరవేసి ఉన్నాయి; ఇక వాటితో పని లేదని తెలిసి కూడా ఆమె అలవాటుకొద్దీ కడిగి ఉంటుంది. ఆమె ఎడమచేత్తో గ్లాసు పట్టుకొని మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగలేదు. నిలబడే, దీపం సంగతి, కాలి సంగతి, గీత దాటిన సంగతి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"మళ్ళీ చెప్పు" అన్నది ఆమె.

మళ్ళీ చెప్పాడు.

"అంటే నేను సమయానికే తొక్కాను."

"సమయానికే తొక్కావమ్మా."

"పదకొండు రోజులన్నయ్యా. పదకొండు రోజులనుంచి ఈ కాలిని తిట్టుకుంటున్నాను. నిద్రలో కూడా తొక్కుతున్నాను, తెలుసా? మంచం చివర చూడు, దుప్పటి చిరిగింది."

ఆయన మంచం చివరివైపు చూడలేకపోయాడు.

"'నీళ్ళు దాటాక రెండుసార్లు మెల్లగా తొక్కమ్మా, తడి ఆరుతుంది.' ఈ ముక్క చెప్పడానికి నీకు ఎంతసేపు పట్టేది?" అన్నది ఆమె.

"తెలిస్తే చెప్పేవాణ్ణే."

"నీకు తెలుసు. నలభై ఏళ్ళుగా నీ కాలికి తెలుసు. నీ నోటికే తెలీదు." ఆమె గొంతు పెంచలేదు, కాన్పుగదిలో మాట్లాడే గొంతుతోనే అన్నది. "ఫోనులో కూడా అడిగాను. తొందరేం లేదులే అన్నావు."

ఆయన జేబులోనుండి మడత పెట్టిన కాగితాలు రెండు తీసి బల్లమీద ఉంచాడు. ఇన్‌స్పెక్టరుకు ఒకటి, ఆసుపత్రికి ఒకటి; రెండింటా ఒకే విషయం, కింద ఆయన సంతకం. ఆమె ఎడమచేత్తో మడత విప్పి, ఆసాంతం చదివి, తిరిగి మడవబోతే ఒక్క చేత్తో మడత కుదరలేదు. ఆయన అందుకోబోయాడు.

"నేను మడుస్తాను" అన్నది. చాలాసేపు పట్టింది. మడిచి ఆయనకిచ్చి, "ఇవాళే ఇచ్చెయ్యి. ఇక వెళ్ళన్నయ్యా. నేను పిలిచేదాకా రాకు" అన్నది.

ఆ సాయంత్రమే ఆయన రెండుచోట్లా కాగితాలు ఇచ్చి రసీదు తీసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆగస్టు నాలుగవ తేదీన, వానలో, ఆ కారును వాగు దగ్గరకు తీసుకొని పోయి, ఒకసారి రేకులు విప్పించి, ఒకసారి బిగించి పరీక్షించి, తన వాక్యాన్ని కొట్టివేసి వేరొకటి వ్రాశాడు. సెప్టెంబరు నెలనుండి నర్సమ్మ కొత్త నర్సులకు పాఠాలు చెప్పింది. తొమ్మిదేళ్ళు చెప్పింది. కుడిచేతి రెండు వేళ్ళకు స్పర్శ తిరిగి రాలేదు. తాను మరల పురుడు పోయలేదు.

మేస్త్రి షెడ్డుకు బ్రేకులు పరీక్షించి కాగితమిచ్చే అనుమతిని ఒక ఏడాదిపాటు రద్దు చేశారు. ఏడాది గడిచిన తరువాత ఆయన దానికోసం దరఖాస్తు పెట్టుకోలేదు. తమ్ముడు ఊరి మరొక చివర ఇంజన్ల పనికి చేరాడు. అన్నదమ్ములు కలుసుకున్నప్పుడు పిల్లల క్షేమం మాత్రమే మాట్లాడుకునేవారు. నీళ్ళకాలువను పూడ్పించారు. మేస్త్రి ఇంటి వసారాలో కూర్చొని పాత చిన్నకార్లకు బ్రేకు రేకులు కత్తిరించి ఇచ్చేవాడు. ప్రతి జతతోబాటు, నీళ్ళు దాటిన తరువాత ఏమి చేయవలెనో వ్రాసిన చీటీ ఒకటి ఇచ్చి, అడిగినవారి చేత ఎదుటనే చదివించేవాడు. రెండువేల పదకొండు ఫిబ్రవరిలో, డెబ్భయ్యవ ఏట, గుండె ఆగి చనిపోయాడు.

నర్సమ్మ ఆయనను మరల పిలవలేదు. చనిపోయిన రోజున వచ్చి, వాకిట్లో కొంతసేపు నిలబడి, ఆయన భార్యతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళింది.

కారు ఇప్పుడు ఆమె మేనకోడలి దగ్గర ఉన్నది. రేకులు దానికి అట్లాగే ఉన్నాయి.